కళ్ళు దిద్దేవాడు

గొడుగు పిన్ని ముఖం అంతా అయిపోయింది, కళ్ళు తప్ప. నుదుటి మీద గీతలు, ముక్కు పక్కన పుట్టుమచ్చ, చెవి వెనక నుంచి జారిన జుట్టుపాయ, అన్నీ సిరాలో నల్లగా ఆరిపోయి ఉన్నాయి. కళ్ళు ఉండాల్సిన చోట మాత్రం తెల్ల కాయితమే. ఆర్టిస్టు అక్కడ పెన్సిలు మొన కూడా ఆనించలేదు. ఎప్పుడూ ఆనించడు.

"ఇవాళైనా దిద్దుతావా?" అన్నాడు బావమరిదితో.

"తొందరపెట్టకు బావా. మామూలు చూపయితే అరక్షణంలో పడేద్దును. ఆవిడ మొదటిసారి ఏడవబోతోంది. ఎలా ఏడుస్తుందో నాకు తెలియొద్దూ?"

ఈ బావమరిదికి అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ అందరూ సిరా అనే పిలుస్తారు. కుంచె మొన కుదిరిందో లేదో చూసుకోవడానికి ఎడమచేతి బొటనవేలి గోరు మీద ఓ గీత లాగి చూసుకోవడం అతని అలవాటు. ఆ గోరు తెల్లగా ఉండగా చూసినవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. అన్నానికి కూర్చునే ముందు వాళ్ళక్క ఎన్నిసార్లు సబ్బు చేతికిచ్చి తోమించినా నలుపు నలుపే.

ఆర్టిస్టు పెన్సిలుతో బొమ్మ వేస్తాడు, సిరా దాని మీద కుంచెతో సిరా పెడతాడు. గొడుగు పిన్ని వాళ్ళిద్దరి పుస్తకం. గడులు గడులుగా బొమ్మల కథ. పుల్ల విరిగిన గొడుగొకటి పట్టుకుని ఆవిడ వీధులు తిరుగుతుంది. ఎవరింట్లో తగువు వినబడినా వెళ్ళి గుమ్మంలో నిలబడుతుంది. మాట్లాడదు, చూస్తుంది. ఆ చూపు ఉన్న గడిలో మాటల బుడగ ఉండదు. పిన్ని చూసిందంటే అవతలివాడు ఎంతటి మొనగాడైనా నీళ్ళు నమలాల్సిందే. కొనేవాళ్ళు కొద్దిమందే అయినా, వాళ్ళు ఆ గడి కోసమే కొంటారు.

మొదటి పుస్తకం అప్పుడు ప్రెస్సుకి టైమైపోతోందన్న హడావుడిలో ఆర్టిస్టు ఒక పేజీలో కళ్ళు గీయడం మర్చిపోయాడు. సిరా అడగలేదు, తనే దిద్దేశాడు. ఆర్టిస్టు ఆ పేజీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసి, మిగతా పేజీల్లో తను గీసిన కళ్ళన్నీ రబ్బరుతో చెరిపేసి ఇచ్చాడు. అప్పటినుంచి అంతే. దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. బయటివాళ్ళకి చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

మధ్యాహ్నం ప్రెస్సాయన వచ్చాడు. పాత బాకీ అడుగుతాడేమోనని ఆర్టిస్టు లేచి నిలబడ్డాడు గానీ ఆయన అడగలేదు. గుమ్మం దగ్గరున్న పుస్తకాల కట్ట మీద కూర్చున్నాడు. ఆ గదిలో కుర్చీలన్నీ అమ్ముడుపోని పుస్తకాల కట్టలే. సిరా పడుకునేది కూడా వాటి మీదే. రోజూ పిన్ని మీద కాళ్ళు చాపుకుంటున్నాను, నాకు మంచి జరుగుతుందా అని అతనే జోకులేస్తాడు.

"మిషను అమ్మేశానండీ," అన్నాడు ప్రెస్సాయన.

"ఎవరికి?"

"పాత ఇనుం వాళ్ళకి. రేపొచ్చి విప్పుకుపోతారు." ఆయన గదంతా ఓసారి చూశాడు. "ఇంత చిన్న పని చేసే ప్రెస్సు ఇంకోటి ఉందేమో నేనూ కనుక్కున్నాను. లేదు. ముందే చెబితే మీరు గీయడం ఆపేస్తారని చెప్పలేదు."

సిరా కుంచె కడుగుతూ, "అంటే ఈ పుస్తకం అచ్చవదా?" అన్నాడు.

"నా దగ్గర అవదు."

ఆయన వెళ్ళిపోయాక సిరా ఆ కళ్ళు లేని ముఖం మీద పల్చటి కాయితం కప్పి, దుమ్ము పడకుండా నాలుగు మూలలా అంటించాడు.

బొమ్మల పుస్తకాలు వేసే ఒక పెద్ద కంపెనీ నుంచి, వచ్చి కలవమని కబురు వచ్చి అప్పటికి కొన్నాళ్ళయింది. ఆర్టిస్టు ఇంట్లో చెప్పాడు గానీ జవాబివ్వలేదు. ఆ సాయంత్రం భార్య ఆసుపత్రి నుంచి వచ్చింది. ఆమె అక్కడ కౌంటర్లో రోగుల పేర్లు రాస్తుంది. ప్రెస్సు సంగతి విని చెప్పులు విప్పుతూనే ఫోన్ తెచ్చి భర్త ముందు పెట్టింది.

"ఓసారి వెళ్ళి వాళ్ళు చెప్పేది విని రండి. విన్నంత మాత్రాన కొంప మునగదుగా."

*

కంపెనీ ఆఫీసులో గోడలన్నీ అద్దాలు. ఎవరేం చేస్తున్నారో అందరికీ కనిపిస్తుంది గానీ ఏ మాటా వినిపించదు. ఎడిటర్‌ని చూడగానే ఆర్టిస్టుకి ప్రాణం కాస్త కుదుటపడింది. ఆ గుబురు మీసాలు ఎరిగినవే. పుస్తకాల అమ్మకాలు జరిగే చోట ఆయన కూడా ఒకప్పుడు ఆర్టిస్టు పక్కనే బల్ల వేసుకుని, తను గీసిన పుస్తకం తనే అమ్ముకున్నవాడు. బేరం లేనప్పుడు ఒకరి టీ ఒకరు తాగినవాళ్ళు.

"గీస్తున్నారా ఇంకా?" అనడిగాడు ఆర్టిస్టు.

"గీసేవాళ్ళని చూసుకుంటున్నాను," అని నవ్వాడు ఎడిటర్. అందులో బాధేమీ కనిపించలేదు. లేక అద్దాల గదిలో కనబడకుండా ఉండటం నేర్చుకున్నాడేమో.

బల్ల మీద గొడుగు పిన్ని పుస్తకాలు అన్నీ ఉన్నాయి. మొదటిది కూడా ఉంది, ఆర్టిస్టు దగ్గరే ఒక్కటీ మిగలనిది. ఎడిటర్ ఒకటి తీసి, ఎక్కడ ఏముందో తెలిసినవాడిలా సరిగ్గా ఆ పేజీకే తిప్పాడు. తండ్రిని గెంటేసిన కొడుకు ఇంటి ముందు పిన్ని నిలబడి చూసే గడి అది. దాని మీద వేలు ఆనించాడు.

"ఈ కళ్ళండీ. మిగతాది, ఏమీ అనుకోకండి, మిగతాది ఇంకెవరైనా గీయగలరు. ఈ చూపు మాత్రం ఎక్కడా చూడలేదు. కంపెనీ కొంటున్నది దీన్నే."

ఆర్టిస్టుకి ఒళ్ళంతా ఏదో పాకినట్టయింది. ఇన్నేళ్ళలో తన పని గురించి ఇంత పెద్ద గదిలో ఎవరూ మాట్లాడలేదు. అది తన పని కాదని గుర్తొచ్చేసరికే ముఖం మీదికి నవ్వు వచ్చేసింది. వచ్చిన నవ్వును వెనక్కి పంపడం కష్టం.

"సిరా పెట్టేదెవరు?" అన్నాడు ఎడిటర్.

"మా బావమరిది. నేను గీసిన గీతల మీద కుంచెతో దిద్దుతాడు."

"అదేగా. ఆ పనంతా మాకు కంప్యూటర్ మీదే అయిపోతుంది. మీరొక్కరు వస్తే చాలు. నెలజీతం, సొంత బల్ల. పిన్ని కంపెనీదవుతుంది, గీసేది మాత్రం మీరే."

అక్కడ ఒక్క మాట చెప్పాల్సింది. ఆ సంగతి ఆర్టిస్టుకి బాగా తెలుసు. ఎదురుగా ఉన్న మంచినీళ్ళ గ్లాసు తీసుకుని సగం తాగాడు. మిగతా సగం కూడా తాగాడు. కళ్ళు తనవి కావని చెబితే, మరి మీరు దేనికి అని అడుగుతారేమోనన్న భయంతో ఆ మాట మింగేశాడు. చెప్పింది అబద్ధమేమీ కాదుగా, కుంచెతో దిద్దేది వాడేగా అని మనసులో అనుకున్నాడు. అనుకున్నాక ఇంకా చిన్నతనంగా అనిపించింది.

ఒప్పందం కాయితాలు కవర్లో పెట్టిచ్చారు. అందులో సిరా సంతకం చేయాల్సింది ఒకే ఒక్క కాయితం.

*

"సహాయకుడు," అని పైకి చదివాడు సిరా. "సదరు సహాయకుడికి సదరు పాత్ర మీద ఎటువంటి హక్కూ లేదు. బాగుంది బావా. నేనింతవరకూ సదరు కాలేదు."

కూరగాయలు తరుగుతున్న అతని అక్క కత్తిపీట పక్కకు నెట్టి వచ్చింది. తమ్ముడి భుజం మీదుగా వంగి చదివింది. చదివాక మొగుడి వైపు చూసింది. గొడుగు పిన్ని చూపు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ అక్కాతమ్ముళ్ళ అమ్మ అలాగే చూసేది. ఇప్పుడు ఈమె చూస్తోంది.

"సహాయకుడని మీరు చెప్పారా, వాళ్ళే రాసుకున్నారా?"

"వాళ్ళే రాసుకున్నారు."

"కాదని మీరు అనలేదా?"

ఆర్టిస్టు పెన్సిలు చెక్కుకోవడం మొదలుపెట్టాడు. అది అప్పటికే సూదిలా ఉంది.

"అక్కా, నువ్వూరుకో," అన్నాడు సిరా. "వాళ్ళకి కుంచెలతో పనే లేదట. నన్ను తీసుకెళ్ళి ఏం చేసుకుంటారు, అద్దాలు తుడిపిస్తారా? బావ ఒక్కడికైనా దారి దొరికింది. ఇద్దరం కలిసి కట్టల మీద కూర్చుని ఏం సాధిస్తాం?"

"నీకు కోపం రావడం లేదా?"

"వస్తే ఎవరి మీద చూపించను? ప్రెస్సాయన మీదా?"

కావాలంటే ఆర్టిస్టు అప్పుడైనా ఆ కాయితం లాక్కుని చింపేయవచ్చు. బావమరిది ఏ క్షణమైనా తలెత్తి, కళ్ళ సంగతి చెప్పావా బావా అని అడుగుతాడేమోనని అతను కాచుకుని కూర్చున్నాడు. సిరా అడగలేదు. పెన్ను కోసం వెతికి, దొరక్క, కుంచె సిరాలో ముంచి, గోరు మీద ఓ గీత లాగి చూసుకుని, సహాయకుడు అన్న మాట కింద సంతకం చేశాడు. ఆ సంతకం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. సన్నగా మొదలై, మధ్యలో లావై, చివర మళ్ళీ వెంట్రుకంత అయిపోయింది.

"ఆరేదాకా మడవకు," అని మాత్రం అన్నాడు.

ఆమె వెళ్ళి మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుంది.

*

కొత్త బల్ల నున్నగా ఉంది. ఎత్తు పెంచుకోవచ్చు, దించుకోవచ్చు. ఆర్టిస్టు మొదటి రోజు దాన్ని రెండుమూడు సార్లు పెంచి దించి చూసుకున్నాడు. ఇంట్లో బల్ల కింద ఎత్తు కోసం ఎప్పుడూ ఇటుక ముక్క పెట్టుకునే మనిషికి అది వేడుకగానే ఉంది.

ముందు మోడల్ షీట్ గీయమన్నారు. అంటే ఒకే పెద్ద కాయితం మీద పిన్ని ఎదురుగా ఎలా ఉంటుంది, పక్క నుంచి ఎలా ఉంటుంది, నవ్వితే, కోప్పడితే, అనుమానపడితే ముఖం ఎలా మారుతుంది, అన్నీ వరసగా చూపించడం. ఇక ముందు కంపెనీలో ఎవరు గీసినా ఆ కాయితం చూసే గీయాలి. "మీరు లేని రోజు కూడా పని ఆగకుండా," అన్నాడు ఎడిటర్ మర్యాదగా.

పొద్దున్నంతా చెయ్యి జోరుగా సాగింది. గొడుగు, చీర మడతలు, నిలబడేటప్పుడు ఒక కాలి మీద వేసే బరువు, అన్నీ వాటంతటవే వచ్చాయి. పక్క బల్లల వాళ్ళు లేచొచ్చి చూసి వెళ్ళారు. తరవాత ముఖాలు మొదలయ్యాయి. మొదటి ముఖం అలవాటు కొద్దీ కళ్ళ దగ్గర ఖాళీ వదిలి రెండోదానికి వెళ్ళాడు. రెండోదీ వదిలి మూడోదానికి వెళ్ళాడు. వరస చివరికి వచ్చాక ఇక వెళ్ళడానికి ముఖం లేదు.

గీశాడు. గీయడం రాక కాదు, ఊళ్ళో సగం మంది ముఖాలు గీసినవాడే. పై రెప్ప, కింది రెప్ప, పాప, పాపలో వెలుగు చుక్క, అన్నీ కొలతకి ఉన్నాయి. అయినా ఆ ముఖం ఏదో వస్తువు కొనమని బతిమాలుతున్నట్టుంది. చెరిపి మళ్ళీ గీశాడు. ఈసారి నిద్ర లేక పడి ఉన్నట్టుంది. సిరా ఎలా దిద్దేవాడో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. ఊపిరి బిగబట్టేవాడు, అది గుర్తుంది. కుంచెను గోరు మీద పెట్టేవాడు, అదీ గుర్తుంది. ఆ తరవాత ఏం చేసేవాడో ఆర్టిస్టు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ టైములో అతను తరవాతి పేజీ గీసుకుంటూ ఉండేవాడు.

సాయంత్రానికి కాయితం మీద కళ్ళ దగ్గర రబ్బరు రుద్ది రుద్ది నూగు లేచింది.

మర్నాడు ఎడిటర్ వచ్చి పాత పుస్తకం పక్కన పెట్టుకుని చూశాడు. పుస్తకంలోని ముఖాన్ని, షీట్ మీది ముఖాన్ని మార్చి మార్చి చూశాడు. కంప్యూటర్ మీద రంగులు వేసే అమ్మాయి కూడా వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"ఈవిడ పిన్ని కాదు, పిన్ని వాళ్ళక్కలా ఉంది," అందా అమ్మాయి. వెటకారమేం లేదు, ఉన్నమాటే చెప్పింది.

"కొత్త చోటు కదా, చెయ్యి కుదురుకోవాలి," అన్నాడు ఎడిటర్. "ఇంకో రోజు చూడండి."

ఆ ఇంకో రోజు ఆర్టిస్టు జీవితంలో అతి చెడ్డ రోజుల్లో ఒకటి. సొంత బొమ్మ దగ్గరే తను పరాయివాడైపోయాడు. పుస్తకం తెరిచి ముందు పెట్టుకుని, బడిపిల్లాడిలా చూచిరాత రాసినట్టు ఒక్కొక్క గీతా చూసి గీశాడు. చూసి గీసినవి చూసి గీసినట్టే వచ్చాయి. పక్క బల్ల దగ్గర ఓ కుర్రాడు, నిన్నగాక మొన్న చేరినవాడు, ఊరికే సరదాకి గీసిన పిన్ని కూడా ఇంతకన్నా నయంగా ఉంది. వాడు మర్యాదకొద్దీ ఆ కాయితాన్ని తిరగేసి పెట్టాడు. తిరగేయడం ఆర్టిస్టు చూశాడు.

ఇంటికి నడిచి వెళ్తూ ఒక నిర్ణయానికి వచ్చాడు. రేపు పొద్దున్నే చెప్పేస్తాను. ఆ కళ్ళు నావి కావు, మా బావమరిదివి, వాడు లేకపోతే గొడుగు పిన్ని లేదు, తీసుకుంటే ఇద్దరినీ తీసుకోండి అంటాను. పొమ్మంటే పోతాను. అలా అనుకోగానే ఇన్నాళ్ళ బరువు దిగినట్టు నడక చురుకైంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పని అయ్యాకే చెబుదామనుకున్నాడు. సిరా నంబరు ప్లేట్లు రాసే షాపులో మాట్లాడుకుని వచ్చానని, వచ్చే వారం నుంచి రమ్మన్నారని చెప్పాడు. అంకెలకి కళ్ళుండవు, హాయి అన్నాడు. ఆర్టిస్టు నవ్వలేదు. రేపటితో ఆ అవసరం ఉండదులే అని కడుపులోనే దాచుకున్నాడు.

*

పొద్దున్న ఎడిటర్ ముందు నిలబడి చెప్పేశాడు. ఒక్క ముక్క దాచుకోలేదు. మొదటి పుస్తకంలో మర్చిపోవడం దగ్గర్నుంచి మొదలుపెట్టి, అత్తగారి చూపు గురించీ, ఆ రోజు నీళ్ళు తాగి ఊరుకోవడం గురించీ అన్నీ చెప్పాడు. ఎడిటర్ అడ్డు రాకుండా విన్నాడు.

"నాకు అనుమానం వచ్చిందండీ, నిన్ననే," అన్నాడు చివరికి. "కూర్చోండి. కంగారు పడకండి, దానికి దారి దొరికింది."

రంగులు వేసే అమ్మాయిని పిలిచాడు. ఆమె తన తెర ఆర్టిస్టు వైపు తిప్పింది. తెర నిండా కళ్ళు. జతలు జతలుగా, వరసలు వరసలుగా, ముఖం లేకుండా, గొడుగు పిన్ని కళ్ళు. పాత పుస్తకాలన్నీ స్కాన్ చేసి ఒక్కొక్క జతనీ కత్తిరించి పెట్టింది. ప్రతి వరసకీ ఓ పేరు పెట్టింది. కోపం, జాలి, అనుమానం, విసుగు, చిరునవ్వు, పక్కచూపు. ఏది కావాలంటే అది తీసి, ముఖం వంపుకి తగ్గట్టు తిప్పి, అతికించడమే. చేసి చూపించింది కూడా. ఆర్టిస్టు నిన్న గీసిన ముఖంలో బతిమాలే కళ్ళు పోయి, తండ్రిని గెంటేసిన కొడుకును చూసిన కళ్ళు వచ్చాయి. ముఖం లేచి కూర్చున్నట్టయింది. ఎక్కడా అతుకు కనబడలేదు.

"మీకెలాగూ ఖాళీగా వదిలే అలవాటు ఉందన్నారుగా," అన్నాడు ఎడిటర్. "అలాగే వదిలెయ్యండి. మీకూ హాయి, మాకూ హాయి."

"మరి మా వాడు?"

ఎడిటర్ మీసం సవరించుకున్నాడు. ఈసారి అద్దాల గదిలో కూడా ఆయన ముఖంలో బాధ కాస్త కనిపించింది.

"సంతకాలకి ముందు ఇదే మాట చెప్పుంటే ఇద్దరినీ తీసుకోమని నేనే పట్టుబట్టేవాణ్ణి. ఒట్టు. కళ్ళ కోసమేగా కొన్నది. ఇప్పుడు ఏమని అడగను? ఆయన సహాయకుడని మీరే కాయితం తెచ్చిచ్చారు. కళ్ళా, వచ్చేశాయి."

అంతే. కోపంగా ఒక మాట లేదు, తలుపు చూపించడం లేదు. పొమ్మంటే పోదామని వచ్చినవాణ్ణి ఉండమన్నారు. ఆర్టిస్టు తన బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. ఎత్తు సరిగ్గానే ఉంది. పెన్సిలు తీసుకుని పేజీ మొదలుపెట్టాడు. గొడుగు, చీర మడతలు, నుదుటి గీతలు, పుట్టుమచ్చ. కళ్ళ దగ్గర ఖాళీ వదిలాడు. పేజీ అయిపోయేసరికి ఆ అమ్మాయి వచ్చి తీసుకెళ్ళింది. మధ్యాహ్నం దాటకముందే ఇంకో రెండు పేజీలు అయ్యాయి. ఇంత వేగంగా అతను ఎప్పుడూ పని చేయలేదు. సిరా కోసం ఆగాల్సిన పని లేదుగా.

వెళ్ళేటప్పుడు ఎడిటర్ గుమ్మం దాకా వచ్చాడు. "ఇంట్లో ఉన్న పాత పేజీలన్నీ రేపు పట్టుకొచ్చెయ్యండి. సగం అయినవి కూడా. ఒప్పందంలో ఉంది కదా, స్కాన్ చేసి భద్రంగా పెడతాం."

*

ఇల్లు చేరేసరికి గది మారిపోయి ఉంది. కుంచెలు కడిగి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టి ఉన్నాయి. సీసా పక్కన పెట్టుకుని సిరా బల్ల తుడుస్తున్నాడు. అతని అక్క కట్టల మీద దుమ్ము దులుపుతోంది. ఆర్టిస్టు చొక్కా కూడా విప్పకుండా పాత పేజీలు ఒక్కొక్కటీ తీసి అట్టల మధ్య పెట్టడం మొదలుపెట్టాడు.

"రేపు ఆఫీసుకి పట్టుకెళ్ళాలి. అన్నీ," అన్నాడు.

సిరా వచ్చి సాయం పట్టాడు. పేజీలు అందిస్తూ, వాతావరణం గురించి అడిగినంత మామూలుగా అడిగాడు.

"అక్కడ కళ్ళెవరు దిద్దుతున్నారు బావా?"

వారం రోజులుగా ఆర్టిస్టు భయపడుతున్న మాట ఇదే. దీనికి తగ్గ అబద్ధాలు కొన్ని సిద్ధంగా పెట్టుకున్నాడు. వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు.

"నువ్వే," అన్నాడు.

బావ తనను ఊరడిస్తున్నాడనుకుని సిరా ముందు చిన్నగా నవ్వాడు. ఆర్టిస్టు మిగతాది కూడా చెప్పాడు. తెర నిండా కళ్ళు, వరసలు, వాటి పేర్లు. తను నోరు విప్పడం, అప్పటికే సమయం దాటిపోవడం. చెబుతున్నంతసేపూ చేతిలోని అట్టలనే చూశాడు. అతని భార్య దులిపే గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

సిరా నవ్వు ఎప్పుడు ఆగిందో తెలియలేదు. వెళ్ళి తన కట్టల మంచం మీద కూర్చుని ఎడమచేతి బొటనవేలు చూసుకున్నాడు. నంబరు ప్లేట్ల షాపుకి శుభ్రంగా వెళ్ళాలని ఏదో నూనెతో రుద్దినట్టున్నాడు. గోరు తెల్లగా ఉంది.

"అన్నీ ఉన్నాయా?" అన్నాడు.

"ఆ. నువ్వు దిద్దినవన్నీ."

"బాగా అతుకుతున్నాయా?"

"బాగానే అతుకుతున్నాయి."

"ఇంకేం మరి. నేను చచ్చినా ఉద్యోగం పోదు నాకు," అన్నాడు. జోకులాగే అన్నాడు. వాళ్ళక్క ముఖం పక్కకు తిప్పుకుంది.

అట్టల మధ్య పెట్టాల్సిన పేజీ ఇంకొక్కటే మిగిలింది. నాలుగు మూలలా అంటించిన పల్చటి కాయితం కింద అది బల్ల మీదే ఉంది. సిరా లేచి వచ్చి ఆ కాయితం నెమ్మదిగా ఒలిచాడు. పిన్ని ముఖం, కళ్ళు లేకుండా. ఆవిడ మొదటిసారి ఏడవాల్సిన గడి.

"ఏడుపు వరస ఉందా వాళ్ళ దగ్గర?"

"లేదు. నువ్వు ఇంతవరకూ దిద్దలేదుగా."

"అయితే వాళ్ళ దగ్గర ఆవిడ ఏడవదు."

"ఏడవదు. జాలి వరసలోంచి తీసి ఓ చుక్క తగిలిస్తారేమో."

సిరా ఆ ముఖాన్ని చూస్తూ నిలబడ్డాడు. చూస్తూనే గుడ్డ విప్పి కుంచె ఒకటి తీశాడు. సీసా మూత తిప్పాడు. కుంచె ముంచి, అంచుకి ఆనించి, ఎక్కువైంది వదిలించి, తెల్లటి గోరు మీద ఒక నల్ల గీత లాగాడు.

"ఇప్పుడు తెలిసింది బావా, ఎలా ఏడుస్తుందో," అన్నాడు. "దిద్దమంటావా?"

ఆర్టిస్టు ఈసారి చూస్తున్నాడు. ఇన్నేళ్ళుగా తరవాతి పేజీ గీసుకుంటూ తను చూడనిది ఇప్పుడు చూడొచ్చు. బావమరిది ఊపిరి బిగబట్టడం, చెయ్యి కిందికి దిగడం, మొన కాయితాన్ని తాకడం. దిద్దితే అది రేపు ఆఫీసుకి వెళ్తుంది. స్కాన్ అవుతుంది. ఆ అమ్మాయి దాన్ని కత్తిరించి, కొత్త వరస మొదలుపెట్టి, ఏడుపు అని పేరు పెడుతుంది. ఆ తరవాత పిన్ని కంపెనీకి ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు ఏడుస్తుంది.

"వద్దురా," అన్నాడు. "దిద్దకు."

సిరా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. "చూడాలని లేదూ నీకు?"

ఆర్టిస్టు పేజీని తన వైపు లాక్కున్నాడు. కళ్ళు లేని ఆ ముఖం మీద అట్ట పెట్టి దారం చుట్టాడు.

"ఉంది," అన్నాడు.

సిరా కుంచెను మళ్ళీ నీళ్ళలో ముంచాడు. నీళ్ళు నల్లబడుతుంటే ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు.